“నడుస్తాడా?” : మస్తిష్క పక్షవాతం గల పిల్లల నడకను ముందుగా అంచనా వేయడం

పసిబిడ్డ తొలి రెండేండ్ల ఎదుగుదలను మన తల్లులు ఏ పరికరమూ లేకుండానే కొలుస్తారు. మెడ నిలిచినది, బోర్లా పడుతున్నది, పారాడుతున్నది, కూర్చుంటున్నది, దోగాడుతున్నది, నిలబడుతున్నది, తప్పటడుగులు వేస్తున్నది. ఈ క్రియాపదాల వరుసే వారి కొలబద్ద. తొలి అడుగులు వేసిన బిడ్డను అరిసెల మీద నడిపించే ఆచారం తెలుగు ఇండ్లలో ఉన్నదే. ఐతే ఈ వరుసలో ఏదో ఒక క్రియ దగ్గర బిడ్డ ఆగిపోయినప్పుడు ఇంటిల్లిపాది మనసులోనూ మెదలేది ఒకే ప్రశ్న. ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రం ఎంతవరకు జవాబు చెప్పగలదో మన విద్యార్థులకు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఛందస్సు, వ్యాకరణం బోధించేవానికి ఈ విషయంతో ఏమి పని అని సంచిక మిత్రులొకరు నవ్వుతూ అడిగారు. పని ఉన్నది. తొమ్మిదేండ్ల క్రిందట మా ఆపాకు ఎనిమిదో నెలలోనే కుమారుడు కలిగాడు. ఏడాది కావస్తున్నా వాడు కూర్చోలేదు. కాళ్ళు రెండూ బిగుసుకొని కత్తెరవలె ఒకదాని మీద ఒకటి పడేవి. పది నెలల ప్రాయంలో ఒక వైద్యుడు వానిని రెండు నిమిషాలు చూచి “ఈ బిడ్డ ఎన్నటికీ నడవడు” అన్నాడు. మరుసటి వారమే ఒక మర్దనగాడు “నలభై రోజుల తైలంతో నడిపిస్తాను” అని సొమ్ము పుచ్చుకొన్నాడు. మా ఇంటి మాట ఉర్దూ గనుక ఆపా నన్ను అడిగినది “చలేగా క్యా?” అని. నాకు తెలియదన్నాను. ఇంట్లో చదువుకొన్నవాడిని నేనొక్కడినే. తెలియదని ఊరకుండడం సిగ్గనిపించి, తెలిసిన వైద్యులను అడిగి, గ్రంథాలు తెప్పించి చదివాను. ఇక్కడ వ్రాస్తున్నది ఆ చదువు ఫలితం.

ముందుగా వ్యాధి స్వరూపం. సెరిబ్రల్ పాల్సీ అని ఆసుపత్రులలో వినిపించే మాటనే మనం మస్తిష్క పక్షవాతం అంటున్నాము. గర్భంలోగాని, ప్రసవ సమయంలోగాని, పుట్టిన తొలి దినాలలోగాని ఎదుగుతున్న మెదడుకు దెబ్బ తగలడం వలన కదలికలూ శరీర భంగిమా అదుపు తప్పడమే దీని లక్షణం. 1861లో లండన్ నగరంలో విలియం జాన్ లిటిల్ అనే శస్త్రవైద్యుడు కష్టప్రసవానికీ, నెలలు నిండకముందే పుట్టడానికీ, పిల్లల కాళ్ళ బిగువుకూ గల సంబంధాన్ని వైద్యసభ ముందు ఉంచాడు. అందువలన దీనిని చాలాకాలం లిటిల్ వ్యాధి అన్నారు. మనోవిశ్లేషణతో పేరుపొందిన సిగ్మండ్ ఫ్రాయిడ్ అంతకుముందు నరాల వైద్యుడన్న సంగతి కొందరికే తెలుసు. 1897లో ఆయన ఈ వ్యాధిపై పెద్ద గ్రంథమే వ్రాసి, కష్టప్రసవం కారణం కాక, గర్భంలోనే జరిగిన లోపానికి ఫలితం కూడా కావచ్చునని లిటిల్‌తో విభేదించాడు. నేటి పరిశోధన చాలావరకు ఫ్రాయిడ్ వైపే మొగ్గినది.

ఇందులో గట్టిగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి: మెదడుకు తగిలిన దెబ్బ పెరిగేది కాదు. దాని ఫలితాలు మాత్రం ఎదిగే శరీరంతో పాటు మారుతుంటాయి. కాబట్టి బిడ్డ ఒకప్పుడు చేయగలిగిన పనిని నానాటికీ మరచిపోతుంటే అది ఈ వ్యాధి కాకపోవచ్చు. అప్పుడు వేరే పరీక్షలు అవసరం.

భారతదేశంలో వెయ్యిమంది పిల్లలలో సుమారు ముగ్గురికి ఈ వ్యాధి ఉన్నదని అధ్యయనాలను క్రోడీకరించినవారు చెబుతున్నారు. సంపన్న దేశాలలో నెలలు నిండని శిశువులు ఎక్కువగా దీని పాలబడుతుంటే, మన దేశంలో పుట్టిన వెంటనే ఊపిరి అందకపోవడం, ముదిరిన పసిరికలు, మెదడు పొరల వాపు వంటి నివారింపదగిన కారణాలకు ఇంకా పెద్ద వాటా ఉన్నది. ప్రసవంలో దాది రఫత్ ఉన్నిసా మరణించడం చూచి కలతపడిన రాజకుమారి నీలోఫర్ పూనికతో స్త్రీలకూ శిశువులకూ మన నగరంలో ఏర్పడిన ఆసుపత్రి 1953 నుండి పనిచేస్తున్నది. నివారణ మరొక వ్యాసానికి తగిన విషయం గనుక ఇక్కడ ఆపుతాను.

ఇక నడక. ప్రపంచవ్యాప్తంగా చూస్తే ఈ వ్యాధి గల ముగ్గురిలో ఇద్దరు ఏదో ఒక విధంగా, చేతికర్రతోనో చట్రంతోనో అయినా, నడుస్తారు. ఒక్కరు నడవరు. ఎవరు ఆ ఇద్దరిలో ఉంటారు, ఎవరు ఆ ఒక్కరు అన్నదే చిక్కు. మొదటి సూచన వ్యాధి శరీరంలో ఎంతమేర వ్యాపించినదో చూస్తే దొరుకుతుంది. కుడిగాని ఎడమగాని ఒక ప్రక్క చేయీ కాలూ మాత్రమే బిగిసిన పిల్లలు దాదాపు అందరూ నడుస్తారు. రెండు కాళ్ళూ ముఖ్యంగా బిగిసి చేతులు కొంత మేలుగా ఉన్నవారిలో ఎక్కువమంది నడుస్తారు. కాళ్ళూ చేతులూ నాలుగూ చిక్కుకొన్నవారిలో నడిచేవారు తక్కువ. ఐతే ఇది గుంపులను గూర్చిన మాట. తల్లి అడిగేది గుంపు సంగతి కాదు, తన ఒడిలోని బిడ్డ సంగతి.

ఒక్కొక్క బిడ్డ విషయంలో అంచనా చెప్పవచ్చునా అని పూర్వమే ఆలోచించినవారున్నారు. అమెరికాలో క్రోథర్స్, పెయిన్ అనే వైద్యులు ఇటువంటి పిల్లలను ఏండ్ల తరబడి గమనించి 1959లో ఈ వ్యాధి సహజగమనాన్ని గ్రంథస్థం చేశారు. ఆ తరువాత 1975లో స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన ఎముకల శస్త్రవైద్యుడు యూజీన్ బ్లెక్ ఏడు పరీక్షల పద్ధతిని ప్రకటించాడు. దీనికి పరికరం అక్కరలేదు. బల్ల, వైద్యుని రెండు చేతులు, ఓపిక చాలు. అందుకే దీనిని కొంచెం వివరంగా చెబుతాను.

పుట్టిన బిడ్డలో కొన్ని అసంకల్పిత ప్రతీకార చర్యలు ఉంటాయి. మెదడు పై అంతస్తులు పరిపక్వమైన కొద్దీ అవి అణగిపోతాయి. పరీక్షలలో మొదటి ఐదూ ఇటువంటివే. తల ఒక ప్రక్కకు త్రిప్పగానే ఆ ప్రక్క చేయి చాచుకొని అవతలి చేయి మడుచుకొనడం ఒకటి. అప్పుడు బిడ్డ విల్లు ఎక్కుపెట్టిన విలుకానివలె కనిపిస్తాడు. తల త్రిప్పితే ఒళ్ళంతా దుంగవలె ఒక్కసారిగా దొర్లడం రెండవది. తల చటుక్కున వెనుకకు వాలినప్పుడు ఉలిక్కిపడి చేతులు బార చాచి, మరల ఎవరినో కౌగిలించుకొన్నట్లు దగ్గరకు తీసుకొనడం మూడవది. తల పైకెత్తితే చేతులు సాగి కాళ్ళు ముడుచుకొనడం, తల వంచితే అది తారుమారు కావడం నాలుగవది. చంకల క్రింద పట్టి పాదాలు నేలకు ఆనించగానే కాళ్ళు కర్రలవలె బిగదీసుకొనడం ఐదవది.

ఈ ఐదవదాని దగ్గరే ఎన్నో కుటుంబాలు మోసపోతాయి. మా ఇంట్లోనూ అదే జరిగినది. వానిని నేల మీద నిలిపితే కాళ్ళు ఎంత గట్టిగా బిగదీసుకొనేవంటే “చూడు, వీడికి కాళ్ళలో ఎంత బలమో! నిలబడుతున్నాడు” అని ఇరుగుపొరుగువారు ఆపాను అభినందించారు. అది నిలబడడం కాదు. నిలబడే బిడ్డ మోకాలు వంచగలడు, బరువు ఒక కాలి నుండి మరో కాలికి మార్చగలడు. వీనికి ఆ రెండూ చేతకావు. ఆ బిగువు బలం కాదని, మెదడు పగ్గం సడలిన గుర్తని చెప్పినప్పుడు ఆపా నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

మిగిలిన రెండు పరీక్షలు ఇందుకు విరుద్ధం. అవి ఎదుగుదలతో కొత్తగా రావలసిన చర్యలు. బిడ్డను నడుము దగ్గర పట్టి గాలిలో బోర్లా ఉంచి, తల బల్ల వైపుకు చటుక్కున దించితే తనను కాపాడుకొనడానికి చేతులు ముందుకు చాచాలి. ఇది తొమ్మిదో నెల ప్రాంతంలో కనిపిస్తుంది. పాదం పైభాగం బల్ల అంచుకు తాకించినప్పుడు కాలెత్తి బల్లపై పాదం మోపాలి. అణగవలసిన ఐదింటిలో ఏది మిగిలి ఉన్నా ఒక్కొక్క మార్కు. రావలసిన రెండింటిలో ఏది రాకున్నా ఒక్కొక్క మార్కు. సున్న వస్తే నడక ఆశాజనకం, ఒకటి వస్తే జాగ్రత్తగా చెప్పాలి, రెండూ అంతకు మించీ వస్తే నడక కష్టం. మన పరీక్షలకు భిన్నంగా మార్కులు తక్కువ వస్తేనే ఉత్తీర్ణులయ్యే పరీక్ష ఇది! పన్నెండు నెలలు నిండకముందు ఈ పరీక్షకు అర్థం లేదని బ్లెక్ స్పష్టంగా చెప్పాడు. నడవబోయే పిల్లలలో అత్యధికులు ఏడేండ్లలోగా నడక సాధిస్తారన్నది కూడా ఆయన గమనించిన సంగతే.

బ్లెక్ పద్ధతి కొందరి చేతిలో బాగా పనిచేసినది, కొందరి చేతిలో అంతగా పనిచేయలేదు. తల త్రిప్పడం, ఉలికిపాటు వంటివి పరీక్షించేవాని నైపుణ్యాన్ని బట్టి, బిడ్డ ఏడుపును బట్టి మారుతుంటాయి. అందువలన పరిశోధకుల దృష్టి క్రమంగా మన తల్లుల కొలబద్ద వైపే మళ్ళినది. బిడ్డ కూర్చుంటాడా? 1976లో అమెరికాలో మోల్నార్, గోర్డన్ అనేవారు రెండేండ్లలోగా స్వయంగా కూర్చోగలగడం నడకకు మంచి సూచన అని చూపించారు. 1994లో బ్రెజిల్ వైద్యులు ఇరువది రెండేండ్ల రికార్డులను తిరగవేసి దానికి మరిన్ని మెట్లు చేర్చారు. తొమ్మిది నెలలలోగా మెడ నిలిస్తే, రెండేండ్లలోగా కూర్చుంటే, రెండున్నర ఏండ్లలోగా దోగాడితే నడకకు మంచి అవకాశం ఉన్నదని వారి నిర్ణయం. నాలుగేండ్లు నిండినా స్వయంగా కూర్చోలేని బిడ్డ తరువాత ఆధారం లేకుండా నడవడం చాలా అరుదు.

కూర్చోవడమంటే ఏమిటో ఇక్కడ సరిగా గ్రహించాలి. దిండ్ల నడుమ కుదేయడం కూర్చోవడం కాదు. రెండు చేతులూ నేలకు ఊది నిలదొక్కుకొనడమూ పూర్తిగా కూర్చోవడం కాదు. చేతులు వదలి, ఆటవస్తువు పట్టుకొని, ప్రక్కకు చూచి కూడా పడిపోకుండా ఉంటేనే లెక్క. నెలలు నిండకుండా పుట్టినవారి వయస్సును పుట్టిన తేదీ నుండి కాక ప్రసవం కావలసిన తేదీ నుండి లెక్కించాలి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు పదునాలుగు నెలలంటే ఈ లెక్కన పన్నెండే. మా మేనల్లునికి తీర్పు చెప్పిన వైద్యుడు మరచినది ఇదే. ఆ దినం వాని అసలు వయస్సు ఎనిమిది నెలలు చిల్లర. ఎనిమిదో నెలలో కూర్చోని బిడ్డను చూచి “ఎన్నటికీ” అనే మాట ఎవరూ అనరాదు. ఇక మర్దనగానికి ఏ లెక్కా అక్కరలేకపోయినది.

రెండు, రెండున్నర ఏండ్లకు కూడా నడవని పిల్లల సంగతేమిటి? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో వేలాది పిల్లల వివరాలను పరిశీలించి 2004లో ఒక అధ్యయనం ప్రకటించారు. రెండు నుండి మూడున్నర ఏండ్ల మధ్య ఇంకా నడవని పిల్లలలో ఆరేండ్లు వచ్చేసరికి ఏ ఆధారమూ లేకుండా బాగా నడిచినవారు నూటికి 10 మంది. ఆధారంతో నడిచినవారు మరొక 17 మంది. రెండేండ్లకే కూర్చోగలిగినవారికి, ముఖ్యంగా దేనినైనా పట్టుకొని పైకి లేవగలిగినవారికి అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ అంకెలను చదివి నిరాశపడినవారిని చూచాను, ఆశపడినవారినీ చూచాను.

అంచనాలన్నింటినీ ఒక క్రమంలోకి తెచ్చిన ఘనత కెనడా దేశపు మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానిది. అక్కడివారు 1997లో పిల్లలను ఐదు స్థాయిలుగా విభజించారు. మొదటి స్థాయివారు నడుస్తారు, మెట్లు ఎక్కుతారు, పరుగెత్తుతారు. రెండవ స్థాయివారు నడుస్తారు గాని మెట్లకు కటకటా పట్టుకోవాలి, దూరం నడిస్తే అలసిపోతారు. మూడవ స్థాయివారికి చేతికర్ర లేక నడక చట్రం కావాలి. నాల్గవ స్థాయివారు చక్రాల కుర్చీలో సంచరిస్తారు. ఐదవ స్థాయివారికి తల నిలపడమే కష్టం. అన్నిటికీ ఇతరుల సహాయం కావాలి. రెండేండ్లు దాటిన తరువాత బిడ్డ ఒక స్థాయి నుండి మరొక స్థాయికి మారడం తక్కువ. 2002లో అదే బృందంవారు ఒంటారియో రాష్ట్రంలోని 657 మంది పిల్లలను పలుమార్లు పరీక్షించి, ఏ స్థాయివారు ఏ వయస్సుకు ఎంతవరకు ఎదుగుతారో రేఖాపటాలు గీశారు. మొదటి స్థాయివారు తమ చలనశక్తిలో నూటికి తొంబై వంతులు ఐదేండ్ల ప్రాంతంలో అందుకొంటారు. ఐదవ స్థాయివారు మూడేండ్లు నిండకముందే. కాలం ఎంత తక్కువో ఈ పటాలు చూస్తే తెలుస్తుంది. మర్దనలకూ తిరుగుళ్ళకూ పోయిన ఏడాది తిరిగి రాదు.

ఇప్పుడు ఇంకా ముందే పసిగట్టవచ్చును. హైన్జ్ ప్రెక్టెల్ అనే వైద్యశాస్త్రజ్ఞుడు వెల్లకిలా పడుకొన్న మూడు నెలల శిశువు ఒళ్ళంతా కనిపించే సన్నని చిరు కదలికలను గమనించి, అవి లేకపోవడం గట్టి హెచ్చరిక అని కనుగొన్నాడు. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి పేరుతో ఉన్న నరాల పరీక్షకు మొత్తం 78 మార్కులు. తొలి ఏడాదిలో 40కి తక్కువ వస్తే ఆధారం లేని నడకకు అవకాశం తక్కువ. 2017 నుండి ఈ రెండింటినీ మెదడు చిత్రణతో జోడించి, పూర్వం రెండేండ్ల వరకు ఆగిన రోగనిర్ణయాన్ని ఆరు నెలలలోపే చేయవచ్చునని నిపుణులు చెబుతున్నారు. ఐతే వ్యాధి ఉన్నదని చెప్పడం వేరు, నడుస్తాడో లేదో చెప్పడం వేరు. రెండవదానికి రెండేండ్ల వరకు కొంత సందిగ్ధం ఉంటూనే ఉంటుంది.

మరొక ముఖ్య విషయం. ఈ వ్యాధివలె కనిపించి వేరైనవి కొన్ని ఉన్నాయి. ఉదయం బాగుండి సాయంత్రానికి కాళ్ళు వంకరపోయే ఒక జన్యులోపంలో లెవోడోపా అనే మాత్ర కొద్ది మోతాదులోనే బిడ్డను నడిపిస్తుంది. అటువంటి బిడ్డను మస్తిష్క పక్షవాతమని ఏండ్ల తరబడి కుర్చీలో ఉంచిన ఉదంతాలు వైద్య గ్రంథాలలో ఉన్నాయి. మేనరికాలు ఎక్కువగా గల కుటుంబాలలో జన్యులోపాల సంగతి వైద్యునితో దాచకుండా చెప్పాలి.

సరే, అంచనా దేనికి? నడవదని తెలిసిన తరువాత చేసేదేమున్నది అని అడిగేవారున్నారు. వారికి జవాబుగా మా గల్లీలోని ఒక బాలిక సంగతి చెబుతాను. నాలుగేండ్లకూ ఆమె కూర్చోలేదు. నడకకు ఆశ లేదని వైద్యులు నెమ్మదిగా, వివరంగా చెప్పారు. తల్లి వారం రోజులు ఏడ్చి, ఆ తరువాత నడిపించే ప్రయత్నం మాని, మెడకూ నడుముకూ ఆసరా గల కుర్చీ చేయించినది. కుర్చీలో నిటారుగా కూర్చున్ననాడు ఆ పిల్ల కళ్ళతోనే జవాబులు చెప్పగలదని ఇంటివారికి మొదటిసారి తెలిసినది. ఇప్పుడు బొమ్మల పలక మీద చూపుతో అన్నం, నీళ్ళు, నొప్పి, నానీ అని చెబుతున్నది. బ్లెక్ తరువాతి కాలంలో వ్రాసిన గ్రంథంలో ఇటువంటివారికి కావలసిన వానిని వరుసగా పేర్కొన్నాడు: మొదట మాట, తరువాత తన పనులు తాను చేసికొనడం, తరువాత ఒకచోట నుండి మరొకచోటికి పోగలగడం, చివరికి నడక. ఎముకల వైద్యుడై ఉండి నడకను చివర పెట్టినవానిని నమ్మవచ్చు.

అంచనా వలన మరొక లాభం తుంటి ఎముకను కాపాడుకొనడం. నడవని పిల్లలలో తుంటి కీలు క్రమంగా జారిపోతుంది. మొదటి స్థాయిలో ఇది దాదాపు లేదు; ఐదవ స్థాయిలో నూటికి 90 మందికి వస్తుంది. నొప్పి పుట్టేవరకు ఆగక, ముందే ఎక్స్‌రే తీయిస్తూ ఉంటే చిన్న చికిత్సతో పోతుంది. నడిచేవారికి కూడా హెచ్చరిక అవసరమే. మూడవ స్థాయిలోని పిల్లలు ఏడెనిమిది ఏండ్లకు శిఖరం చేరి, శరీరం బరువెక్కిన యౌవనంలో కొంత శక్తిని కోల్పోవడం కద్దు. కౌమారంలో చక్రాల కుర్చీ కోరిన పిల్లవాడిని సోమరి అనరాదు.

సహాయం ఎక్కడ దొరుకుతుందో కూడా తెలిసి ఉండాలి. సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌లో 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యంతో పాటు ఇటువంటి పిల్లలను కూడా చూస్తుంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద జిల్లాలలో సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పడ్డాయి. 1999 నాటి జాతీయ న్యాస చట్టం క్రింద నడిచే నిరామయ పథకం సంవత్సరానికి లక్ష రూపాయల వరకు వైద్య బీమా ఇస్తుంది. వ్యాయామ చికిత్స ఖర్చు కూడా అందులో చేరుతుంది. ఈ పథకం పేరు మన గల్లీలలో ఎంతమందికి తెలుసునో విద్యార్థులు విచారించి చూడండి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం సీట్లు 40 శాతానికి తగ్గని వైకల్యం గలవారికి కేటాయించాలన్నది. మస్తిష్క పక్షవాతం ఆ జాబితాలో ఉన్నది. కమిటీ పెద్దలు ఈ సంచికను తప్పక చదువుతారు గనుక ఒక మాట. మన కళాశాల సింహద్వారం వద్ద ఏడు మెట్లున్నాయి; కటకటా లేదు. గ్రంథాలయం పై అంతస్తులో ఉన్నది.

మా మేనల్లుడు ఇరువది మూడవ నెలలో చేతులు వదలి కూర్చున్నాడు. ఐదేండ్ల వయస్సులో చట్రం పట్టుకొని గల్లీ చివరి కిరాణా దుకాణం దాకా నడిచాడు. ఆ దినం ఆపా అరిసెలు చేయలేదు, మా ఇంట్లో ఆ ఆచారం లేదు. సేమ్యా పాయసం చేసి వీధిలో పంచినది. వాడిప్పుడు నాలుగవ తరగతి. గత సంవత్సరం మన వార్షికోత్సవానికి వస్తానన్నాడు. మెట్ల దగ్గర వానిని నేను ఎత్తుకోబోతే “మామూ, కర్ర పట్టుకో, చేయి వద్దు” అన్నాడు. నాలుగు మెట్లు ఎక్కాడు. మిగిలిన మూడింటికి చేయి ఇవ్వవలసి వచ్చినది.